మునిగిన అలుగు: కారు ఇంధన రిటర్న్ లైన్‌లో లోపాన్ని పట్టుకునే పద్ధతి

సభకు నమస్కారం.

నాకు అప్పగించిన అంశం చూడడానికి చాలా చిన్నది. ఇంజన్ వాడుకోగా మిగిలిన పెట్రోలును మళ్ళీ ట్యాంకుకు చేర్చే సన్నటి గొట్టం గురించి గంటసేపు చెప్పడానికి ఏముంటుందని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే ఇన్నేళ్ళుగా నేను చూసిన దాన్నిబట్టి, ట్యాంకు నుంచి వచ్చే పైపు మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా తిరిగి వెళ్ళే పైపు మీద మనం పెట్టం. బండి నల్లపొగ వదులుతున్నదంటే ఎయిర్ ఫిల్టరు మారుస్తాం, ప్లగ్గులు మారుస్తాం, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగిస్తాం, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మారుస్తాం; అప్పటికీ పొగ తగ్గకపోతే ఇంజన్ కంప్యూటర్ మీద అనుమానపడతాం. రిటర్న్ లైన్ అనే ఈ తిరుగు పైపు దాకా చూపు పోయేసరికి యజమాని ఓపికా, డబ్బూ రెండూ అయిపోతాయి.

ముందుగా ఒక లెక్క చూద్దాం. మధ్యతరహా పెట్రోలు కారులో ఉండే ఎలక్ట్రిక్ పంపు గంటకు దాదాపు 100 లీటర్ల పెట్రోలును తోడుతుంది. ఇంజన్ ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం ఊరికే తిరుగుతూ, ఉన్నప్పుడు గంటకు తాగేది ఒక లీటరు చుట్టుపక్కలే. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు తాగేది 6 లీటర్లు. యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కి ఇంజన్ సత్తువంతా వాడినప్పుడు కూడా 40 లీటర్ల దగ్గర ఆగుతుంది, మిగతా 60 వెనక్కి పోతాయి. అంటే ఏ పరిస్థితిలో చూసినా పంపు తోడిన దాంట్లో సగానికి పైగా వెనక్కి పోవలసిందే. బండి కదలకుండా ఐడిలింగ్‌లో ఉన్నప్పుడైతే 100లో 99 వంతులు రిటర్న్ పైపులోనే ప్రయాణం చేస్తాయి. పేరుకు అది మిగులు పైపే గానీ, ఆ సమయంలో దాని మీద పడే భారం సప్లై పైపు మోసే భారంతో సమానం. ఈ 99, 60 అనే రెండు అంకెలను దయచేసి గుర్తుంచుకోండి. కాసేపట్లో లోపాన్ని పట్టించేవి అవే.

ఇంత పెట్రోలును ఊరికే ఎందుకు తిప్పుతారంటే, ఇంజెక్టర్ తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప మరేమీ తెలియని వాల్వు. దాన్ని ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలో మాత్రమే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ వ్యవధిలో ఎంత పెట్రోలు పడుతుందన్నది ఇంజెక్టర్ వెనక రెయిల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోలు అందించే గొట్టంలో) ఉన్న ఒత్తిడికీ, ముందు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పోయే దారిలో) ఉన్న ఒత్తిడికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. ఆ తేడా నిలకడగా ఉంటేనే కంప్యూటర్ లెక్క సరిపోతుంది, దాన్ని నిలకడగా ఉంచే బాధ్యత రెగ్యులేటర్ అనే ఒత్తిడి వాల్వుది. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో వచ్చిన బాష్ డి-జెట్రానిక్ ఇంజెక్షన్‌లోనే పంపు, రెయిల్, రెగ్యులేటర్, తిరిగి ట్యాంకు అనే ఈ చుట్టు ఉంది. అప్పట్లో ఒత్తిడి సుమారు 2 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). తర్వాత వచ్చిన పద్ధతుల్లో ఒత్తిడి 2.5 నుంచి 3 బార్ దాకా పెరిగింది, రెగ్యులేటర్‌కు మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్‌ను, అంటే బయటి గాలి కన్నా తక్కువ ఒత్తిడిని, అందించే ఒక గొట్టం చేరింది.

రెగ్యులేటర్ లోపల ఉన్నది డయాఫ్రం అనే ఒక వంగే పలచటి పొర, దాని వెనక ఒక స్ప్రింగు. ఒక పక్కన రెయిల్‌లోని పెట్రోలు డయాఫ్రంను నెడుతుంది, మరో పక్కన స్ప్రింగు అడ్డుకుంటుంది. పెట్రోలు గెలిచినప్పుడల్లా డయాఫ్రం లేచి రిటర్న్ దారి తెరుచుకుంటుంది. ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ స్ప్రింగు వైపు నుంచి డయాఫ్రంను తన వైపుకు లాగుతుంది కాబట్టి రెయిల్ ఒత్తిడి 3 బార్ నుంచి సుమారు 2.4 బార్‌కు దిగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే వాక్యూమ్ పోయి మళ్ళీ 3 బార్‌కు వస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఇంజెక్టర్‌కు అటూ ఇటూ ఉన్న తేడా మాత్రం అదే 3 బార్.

ఇప్పుడు అసలు విషయం. చెరువుకు అలుగు ఎలాగో, రెయిల్‌కు రెగ్యులేటర్ అలాగ. అలుగు అనండి, మత్తడి అనండి, చెరువులో నీరు ఆ ఎత్తు దాటగానే మిగులు దూకి దిగువ కాలువలోకి పోతుంది కనుక, పైనుంచి వరద ఎంత వచ్చినా మట్టం దాదాపు ఒకేచోట నిలుస్తుంది. దిగువ కాలువలో కొద్దిగా పూడిక పడితే చెరువుకు వచ్చే ఇబ్బంది ఏమీ లేదు; కాలువలో నీరు కాస్త ఎత్తుగా పారుతుంది, అంతే. పూడిక పెరిగి పెరిగి కాలువలో నీరు అలుగు ఎత్తుకే వచ్చిందనుకోండి, అప్పుడు అలుగు మునిగిపోతుంది. మునిగిన అలుగు ఉన్నా లేనట్టే. చెరువు మట్టాన్ని ఇక నిర్ణయించేది కాలువే. రిటర్న్ లైన్ పూడుకుపోవడమంటే సరిగ్గా ఇదే. కొద్దిపాటి అడ్డును రెగ్యులేటర్ తట్టుకుంటుంది, రెయిల్ ఒత్తిడి కొలిచే గేజిలో ఏ తేడా కనిపించదు. అడ్డు వల్ల పుట్టే ఎదురొత్తిడి రెగ్యులేటర్ నిలపవలసిన ఒత్తిడిని మించిన క్షణం నుంచి, డయాఫ్రం పూర్తిగా తెరుచుకుని నిస్సహాయంగా ఉండిపోతుంది, రెయిల్ ఒత్తిడి ఎదురొత్తిడి వెంట పోతుంది.

ఒక ఉదాహరణ కడదాం. ఒక కారులో రిటర్న్ లైన్ ఎక్కడో నలిగి, గంటకు 99 లీటర్లు పోవాలంటే 3.7 బార్ కావలసి వస్తున్నదనుకుందాం. ఐడిలింగ్‌లో గేజి 2.4 చూపవలసిన చోట 3.7 చూపుతుంది. మానిఫోల్డ్‌లో వాక్యూమ్ 0.6 బార్ ఉంది కాబట్టి ఇంజెక్టర్‌కు అటూ ఇటూ తేడా 3 బార్ ఉండవలసింది 4.3 అవుతుంది. ఇంజెక్టర్ నుంచి పడే పెట్రోలు ఒత్తిడి తేడాకు నేరుగా కాక, దాని వర్గమూలానికి అనుపాతంగా పెరుగుతుంది, 4.3ను 3తో భాగించి వర్గమూలం తీస్తే 1.2 వస్తుంది. అంటే ప్రతి తెరుపులోనూ 20 శాతం పెట్రోలు అదనం. అదే కారు పూర్తి భారంతో పోతున్నప్పుడు రిటర్న్ ప్రవాహం 60 లీటర్లకు తగ్గుతుంది. నలిగిన చోట ఒత్తిడి నష్టం ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 3.7 బార్ కాస్తా సుమారు 1.4కు పడిపోతుంది. అది 3 బార్ కన్నా బాగా తక్కువ. అలుగు మళ్ళీ బయటపడింది, రెగ్యులేటర్ తన పని తాను చేసుకుంటుంది, మిక్చర్, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు, సరిగా ఉంటుంది. ఒత్తిడి పెరిగితే పంపు తోడేది కొంత తగ్గుతుందన్న చిన్న సవరణను ఇక్కడ పక్కన పెట్టాను. దానివల్ల అంకెలు కాస్త మారతాయి గానీ తీరు మారదు.

అందుకే ఇలాంటి బండి యజమాని చెప్పే మాటలు ఒకదానికొకటి పొసగనట్టు ఉంటాయి. రోడ్డు మీద పికప్ బ్రహ్మాండంగా ఉందంటాడు. ఆగినచోట ఇంజన్ ఊగుతుందంటాడు, పెట్రోలు వాసన వస్తుందంటాడు, మైలేజీ పడిపోయిందంటాడు. వేడి ఇంజన్‌ను ఆపి పది నిమిషాల్లో మళ్ళీ సెల్ఫ్ కొడితే ఓ పట్టాన అందుకోదంటాడు. ప్లగ్గులు తీస్తే పొడి మసి పట్టి నల్లగా ఉంటాయి. ఇంజన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) ఐడిలింగ్‌లో మైనస్ 20 దగ్గర ఉండి, భారం పెరిగేకొద్దీ సున్నా వైపు వస్తుంది. కంప్యూటర్ తగ్గించగలిగినంత తగ్గించి, ఇక తన వల్ల కాదనుకున్నప్పుడు పి0172 అనే కోడ్ వేస్తుంది. మిక్చర్ రిచ్‌గా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా, ఉందన్నదే ఆ కోడ్ అర్థం. ఎందుకు రిచ్ అయిందో అది చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ మార్చమని అసలే చెప్పదు. నిజానికి ఆ పరిస్థితిలో ఆక్సిజన్ సెన్సర్ ఒక్కటే నిజం చెబుతోంది, మనం దాన్నే పట్టుకుని శిక్షిస్తాం.

ఐడిలింగ్‌లో రిచ్, భారం మీద సరి అన్న ఈ తీరు రిటర్న్ లైన్ ఒక్కదాని సొత్తు కాదని కూడా చెప్పాలి. కారుతున్న ఇంజెక్టర్, ట్యాంకు ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు మూసుకోకపోవడం, చిరిగిన రెగ్యులేటర్ డయాఫ్రం కూడా దాదాపు ఇవే లక్షణాలు చూపుతాయి. లక్షణాలు మనల్ని వీధి దాకా తీసుకువస్తాయి, ఇల్లు చూపించేది గేజి.

గేజి పెట్టే ముందు ఆ కారుకు అసలు రిటర్న్ లైన్ ఉందో లేదో చూసుకోండి. 1990ల నుంచి, ముఖ్యంగా అమెరికాలో పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా కట్టడి చేసే నిబంధనలు వచ్చాక, తయారీదారులు రెగ్యులేటర్‌ను ట్యాంకులోకే మార్చడం మొదలుపెట్టారు. ఇంజన్ వేడి తగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వస్తే ట్యాంకు వేడెక్కి ఆవిరి పెరుగుతుంది. మిగులును ట్యాంకులోనే వదిలేస్తే ఆ బాధ ఉండదు. అలాంటి కార్లలో రెయిల్‌కు ఒకటే పైపు ఉంటుంది, ఒత్తిడి 3.5 నుంచి 4 బార్ దాకా ఉంటుంది. కారు కింద పడుకుని చూసినప్పుడు రెండు పైపులు కనిపించాయని రెండోది రిటర్న్ అనుకోకండి. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ క్యానిస్టర్‌కు పోయే ఆవిరి పైపు కూడా దాని పక్కనే నడుస్తుంది. రెగ్యులేటర్ మూతి నుంచి పట్టుకుని చేత్తో తడుముకుంటూ వెనక్కి పోవడమే నమ్మదగిన పద్ధతి.

జాగ్రత్తల గురించి క్లుప్తంగా చెబుతాను, క్లుప్తంగా చెప్పానని తేలిగ్గా తీసుకోవద్దు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువైంది కనుక నేలబారున పాకి, గుంతలోకీ మూలలోకీ చేరి నిలుస్తుంది. గాలి ఆడే చోట, ఇంజన్ చల్లబడ్డాక, బల్బు పగిలినా నిప్పు రాని లైటుతో, పొడి రకం మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో పెట్టుకుని పని చేయండి. పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్‌ను దానంతటది ఆగిపోయేదాకా నడిపితే ఒత్తిడి దిగుతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసి, గుడ్డ చుట్టి పైపు వదులు చేయాలి. పరీక్ష కోసం మళ్ళీ కరెంటు ఇచ్చేటప్పుడు కారిన పెట్రోలంతా తుడిచి ఉండాలి.

ఇక పరీక్ష. రెయిల్ మీద గేజి పెట్టి ఇంజన్ నడపండి. ఐడిలింగ్ ఒత్తిడి చూశాక రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టాన్ని ఊడదీయండి. తీసిన గొట్టం లోపల పెట్రోలు తడి గానీ వాసన గానీ ఉంటే డయాఫ్రం చిరిగింది. ఇక మిగతా పరీక్షలతో పని లేదు, రెగ్యులేటర్ మార్చాలి. తడి లేకుండా, గేజి ముల్లు సుమారు అర బార్ పైకి లేస్తే రెగ్యులేటర్ బతికే ఉంది, అలుగు మునగలేదు. ముల్లు ముందే ఎక్కువ దగ్గర నిలబడి, గొట్టం తీసినా పెట్టినా కదలకపోతే రెండే అవకాశాలున్నాయి: రెగ్యులేటర్ బిగుసుకుపోయి ఉండాలి, లేదా రిటర్న్ లైన్ దాన్ని ముంచేసి ఉండాలి. అలుగు చెడిందా, అలుగు మునిగిందా అన్న ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్కుండా ఏ భాగాన్నీ కొనకూడదన్నది నా పట్టుదల.

జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. ఇంజన్ ఆపి, ఒత్తిడి దించి, రెగ్యులేటర్ దగ్గర రిటర్న్ పైపును విప్పి, దాని స్థానంలో మంచి గొట్టం ఒకటి తగిలించి రెండో కొసను మూత ఉన్న పెద్ద డబ్బాలో పెట్టండి. కనీసం ఐదు లీటర్ల డబ్బా కావాలి, ఎందుకంటే నిమిషానికి లీటరున్నరకు పైగా పెట్రోలు వచ్చి పడుతుంది. పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్చు అయిన రిలే దగ్గర పంపును నేరుగా నడిపి అర నిమిషం చూడండి. ఇంజన్ నడపనవసరం లేదు. వాక్యూమ్ లేదు కనుక గేజి 3 బార్ చూపాలి. అంతకుముందు 4 చూపినది ఇప్పుడు 3 చూపిందంటే దోషం విప్పిన చోటు నుంచి ట్యాంకు మధ్యలోనే ఉంది. ఇప్పటికీ 4 దగ్గరే ఉంటే రెగ్యులేటర్‌దే తప్పు. ఆ అర నిమిషంలో డబ్బాలో పడిన పెట్రోలు కొలిస్తే పంపు ఆరోగ్యం కూడా తెలిసిపోతుంది. అర లీటరు కన్నా బాగా తక్కువైతే అనుమానించాలి, ఖచ్చితమైన అంకె ఆ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

అడ్డు ఎంత ఉందో అంకెల్లో కావాలంటే, రిటర్న్ పైపులోనే T ఆకారపు జోడింపు ముక్క పెట్టి తక్కువ ఒత్తిళ్ళు చూపే మరో గేజిని తగిలించవచ్చు. మంచి లైన్‌లో ఎదురొత్తిడి బార్‌లో రెండు మూడు పదోవంతులకు మించకపోవడం మామూలు. దీనికి ఒక మినహాయింపు ఉంది. వెనక చక్రాలకు శక్తిని పంపే ప్రొపెల్లర్ షాఫ్టుకు చోటు ఇవ్వడం కోసం జీను ఆకారంలో చేసిన ట్యాంకుల్లో రెండు గదులుంటాయి. పంపు ఒక గదిలోనే ఉంటుంది కాబట్టి, తిరిగి వచ్చే పెట్రోలు ప్రవాహాన్నే వాడుకుని రెండో గదిలోని పెట్రోలును ఇవతలికి లాగే ఒక జెట్ పంపు చాలా వాటిలో ఉంటుంది. అలాంటి చోట కొంత ఎదురొత్తిడి కావాలనే పెట్టింది. ఆ బండ్లలో రిటర్న్ ప్రవాహం తగ్గితే, డ్రైవరు ముందున్న పెట్రోలు గేజిలో సగం ట్యాంకు చూపుతూ ఉండగానే పెట్రోలు అయిపోయి ఆగిపోవడం అనే వింత కూడా జరుగుతుంది.

దోషం లైన్‌లోనే ఉందని తేలాక ఎక్కడుందో వెతకాలి. కళ్ళతో మొదలుపెట్టండి: జాకీ తప్పుగా పెట్టినప్పుడు నలిగిన ఇనుప పైపు, వంపు దగ్గర మడత పడిన రబ్బరు గొట్టం, తుప్పు తిన్న బ్రాకెట్లు, ఇంజన్ దింపి ఎక్కించినప్పుడు గేర్‌బాక్సుకూ బాడీకీ మధ్య ఇరుక్కున్న గొట్టం. తర్వాత ట్యాంకు మూత తీసి, ఇంజన్ వైపు నుంచి చాలా తక్కువ ఒత్తిడితో గాలి ఊది, ట్యాంకు దగ్గర బుడగల చప్పుడు వినండి. ఆ తర్వాత ట్యాంకు దగ్గరి కీలు విప్పి మళ్ళీ ఊదితే, అడ్డు మధ్య పైపులో ఉందో, ట్యాంకు లోపలి గొట్టంలో ఉందో విడిపోతుంది. గాలి ఎప్పుడూ పెట్రోలు పోయే దిశలోనే ఊదాలని ప్రత్యేకంగా చెబుతున్నాను, దానికి నా అనుభవంలోనే ఒక కారణముంది.

చాలా ఏళ్ళ క్రితం నా చేతికి వచ్చిన ఒక కారు ఇవే లక్షణాలు చూపింది. నేను ఇప్పుడు చెప్పిన డబ్బా పరీక్ష అప్పటికి నాకు అలవాటు లేదు. రెగ్యులేటర్ మార్చాను, ఒత్తిడి తగ్గలేదు. కొత్తదే చెడ్డదేమోనని ఇంకోటి మార్చాను. చివరకు రిటర్న్ లైన్ మీద అనుమానం వచ్చి ట్యాంకు దగ్గర విప్పి, అక్కడి నుంచి ముందుకు గాలి ఊదాను. హాయిగా పోయింది. లైన్ బాగుందని తీర్పు చెప్పి ఇంకో రెండు రోజులు వేరేచోట వెతికాను. ఆఖరుకు సైలెన్సర్ పైపు దగ్గరగా నడిచే ఒక జానెడు రబ్బరు గొట్టాన్ని తీసి నిలువునా కోసి చూస్తే, పైన పటారం, లోన లొటారం. బయట పగులు లేదు, ఉబ్బు లేదు. లోపలి పొర వేడికి ఊడి నాలుకలాగా వేలాడుతోంది. పెట్రోలు ట్యాంకు వైపు పోతే ఆ నాలుక లేచి దారి మూసేది, నేను ఎదురుదిశలో ఊదిన గాలికి అది గోడకు అతుక్కుని దారి ఇచ్చేది. ఆ ముక్కను చాలాకాలం దాచుకున్నాను.

ఇంతవరకు ఒత్తిడి పెరగడం గురించి చెప్పుకున్నాం. తగ్గినప్పుడు కూడా రిటర్న్ లైన్ మనకు సాక్షిగా పనికొస్తుంది. రెయిల్ ఒత్తిడి తక్కువగా ఉండి, బండి ఎక్కుడులో లాగకపోతే, పంపు బలహీనమైందా, ఫిల్టరు మూసుకుందా, రెగ్యులేటర్ తెరుచుకుని ఉండిపోయిందా అన్నది తేల్చాలి. రిటర్న్‌లో మెత్తటి రబ్బరు ముక్క ఉన్నచోట, గొట్టాన్ని గాయపరచని గుండ్రటి దవడల క్లాంపుతో ఒక్క క్షణం నొక్కండి. ముల్లు చురుగ్గా లేస్తే పంపులో బలముంది, రెగ్యులేటర్ పెట్రోలును ఊరికే వదిలేస్తోంది. లేవకపోతే పంపు, ఫిల్టరు వైపు పోవాలి. పూర్తిగా మూసి పట్టుకుంటే ఒత్తిడి 6 బార్ కూడా దాటవచ్చు, పాత గొట్టాలు ఊడవచ్చు. కన్ను గేజి మీద, చెయ్యి క్లాంపు మీద ఉండాలి. గట్టి ప్లాస్టిక్ పైపును ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకూడదు, అది మళ్ళీ పూర్వపు ఆకారానికి రాదు. ఇంజన్ ఆపిన వెంటనే ఒత్తిడి జారిపోతున్న బండిలోనూ ఇదే ఉపాయం పనిచేస్తుంది: రిటర్న్‌ను నొక్కితే జారడం ఆగిందంటే కారుతున్నది రెగ్యులేటర్, సప్లైని నొక్కితే ఆగిందంటే పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే పంపులోని చెక్ వాల్వు, రెండూ నొక్కినా జారుతుంటే ఇంజెక్టర్లు.

ఇంజెక్టర్లకు బదులు కార్బురేటర్‌లోనే గాలిలో పెట్రోలు కలిపే పాత బండ్ల గురించి రెండు మాటలు. వాటిలో ఒత్తిడి బార్‌లో మూడోవంతుకు మించదు, రెగ్యులేటర్ ఉండదు. పంపు దగ్గరో ఫిల్టరు దగ్గరో ఒక సన్నటి రంధ్రం గుండా కొంత పెట్రోలు ఎప్పుడూ ట్యాంకుకు పోతుంటుంది. దాని పని ఇంజన్ వేడికి పుట్టిన ఆవిరి బుడగలను కార్బురేటర్ చేరకుండా మళ్ళించడం. అది మూసుకుపోతే వేడి ఇంజన్ స్టార్టు కాదు. ఎవరైనా పుణ్యాత్ముడు ఆ రంధ్రాన్ని మూసుకుపోయిందనుకుని పెద్దది చేస్తే పెట్రోలంతా వెనక్కే పోయి కార్బురేటర్ ఎండిపోతుంది.

డీజిల్‌లో రిటర్న్ లైన్ కథ వేరు. ఇంజెక్టర్ల లోపలి సందుల్లోంచి ఊరిన డీజిల్, పంపు నుంచి మిగిలిన డీజిల్ రెండూ కలిసి ట్యాంకుకు పోతాయి. ఒకే పంపు ఇంజెక్టర్లన్నిటికీ వంతులవారీగా డీజిల్ పంచే పాత రోటరీ పంపు బండ్లలో ఇంజెక్టర్ల మధ్య ఉండే నూలు అల్లిన సన్న గొట్టాలు ఎండి పగిలితే, రాత్రంతా డీజిల్ వెనక్కి జారి గాలి పడుతుంది, తెల్లవారి సెల్ఫ్ చాలాసేపు కొట్టవలసి వస్తుంది. పారదర్శకమైన గొట్టం పెట్టి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. ఆ రోటరీ పంపుల్లో తరచు జరిగే పొరపాటు ఇంకొకటుంది: రిటర్న్ వైపు బోల్టు మీద అవుట్ అని ఉంటుంది, దాని లోపల లెక్కప్రకారం చేసిన సన్న రంధ్రం ఉంటుంది. పంపు లోపలి ఒత్తిడీ, ఆ ఒత్తిడితో కదిలే టైమింగు, అంటే డీజిల్ చిమ్మే సమయం, కూడా దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఇన్ వైపు బోల్టు చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది. రెండూ తారుమారైతే బండి నీరసపడిపోతుంది, పంపును మాత్రం అనవసరంగా విప్పుతారు.

ఇంజెక్టర్లన్నిటికీ ఒకే రెయిల్ నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రెయిల్ బండ్లలో రిటర్న్ ఒక కొలబద్ద. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు ఒక్కో గీతల సీసా తగిలించి, నిర్ణీత సమయం ఇంజన్ నడిపి పోల్చితే, మిగతావాటి కన్నా ఎక్కువ నింపిన ఇంజెక్టర్ లోపల అరిగిపోయిందని తెలుస్తుంది. సోలెనాయిడ్ ఇంజెక్టర్లున్న (విద్యుదయస్కాంతంతో తెరుచుకునేవి ఉన్న) బండి స్టార్టు కావడానికి రెయిల్‌లో 200 బార్ చుట్టుపక్కల కావాలి. ఒక్క ఇంజెక్టర్ బాగా వదిలేసినా ఆ ఒత్తిడి పుట్టదు, స్కానర్ రెయిల్ ఒత్తిడి తక్కువన్న పి0087 కోడ్ చూపుతుంది, హైప్రెషర్ పంపుకు నింద వస్తుంది. విద్యుత్తు తగలగానే సాగే స్ఫటికంతో పనిచేసే పీజో ఇంజెక్టర్లలో ఈ సీసా పరీక్ష ఇలాగే చేయకండి. వాటిలో చాలావాటికి రిటర్న్‌లో సుమారు 10 బార్ ఎదురొత్తిడి ఉంటేనే లోపలి యంత్రాంగం పనిచేస్తుంది, తెరిచి వదిలితే మంచి ఇంజెక్టర్ కూడా చెడ్డదానిలా ప్రవర్తిస్తుంది. నడుస్తున్న ఇంజన్‌లో హైప్రెషర్ పైపు నట్టును వదులు చేయడం ప్రాణాంతకం, 1,600 బార్ల దగ్గర డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

రిపేరు విషయానికి వస్తే, రిటర్న్‌లో ఒత్తిడి తక్కువే కదా అని దొరికిన రబ్బరు గొట్టం వేయడం మంచిది కాదు. ఇంధనం కోసం చేసిన గొట్టమే కావాలి. ఇంజెక్షన్ బండ్లకు ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంస్థ) ప్రమాణమైన జె30ఆర్9 అన్న గుర్తు చూసి కొనండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలు రబ్బరును మెత్తబరుస్తుంది, దాని లోపలి పొరే నాలుకలాగా ఊడేది. ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్కకు జె30ఆర్10 రకం కావాలి, ఎందుకంటే బయటి పొర కూడా పెట్రోలులో నానుతుంది. క్లిప్పు అంచులు గొట్టాన్ని కోయనివై ఉండాలి. సైలెన్సర్‌కు దూరంగా, పాత దారిలోనే గొట్టాన్ని నడిపించి పాత క్లిప్పులన్నీ తిరిగి పెట్టండి.

సప్లై, రిటర్న్ గొట్టాలు తారుమారైతే ఏమవుతుందని వెనక వరుసలో ఒకరు అడిగారు. పంపు తోడిన పెట్రోలు రెగ్యులేటర్ రిటర్న్ మూతికి ఎదురుగా వచ్చి ఆగుతుంది. డయాఫ్రం సీటు చిన్నది కనుక అక్కడ చాలా ఎక్కువ ఒత్తిడి పుడితే తప్ప అది తెరుచుకోదు. తెరుచుకున్నా, రెయిల్‌లోకి వచ్చిన పెట్రోలు రెండో కొస నుంచి ట్యాంకుకు జారిపోతుంది. పంపు మూలుగుతుంది, రెయిల్ గేజి సున్నా దగ్గర ఉంటుంది, ఇంజన్ అందుకోదు. ట్యాంకు దింపి ఎక్కించిన మర్నాడు వచ్చిన బండి అయితే మొదట చూడవలసింది ఇదే.

ఇంకో ప్రశ్న: పూడిన లైన్ బాగు చేశాక, అంతవరకు స్టార్టు అవుతున్న బండి ఐడిలింగ్‌లో ఆగిపోవడం మొదలుపెట్టిందట, లోపం తమ పనిలోనేనా అని. పని సరిగానే జరిగింది. కంప్యూటర్ నెలల తరబడి 20 శాతం పెట్రోలు తగ్గించడం నేర్చుకుంది. ఇప్పుడు ఒత్తిడి సరైనా ఆ తగ్గింపు ఇంకా దాని జ్ఞాపకంలో ఉంది, అందుకే మిక్చర్ పలచబడింది. స్కానర్‌తో పాత ట్రిమ్ విలువలను చెరిపేయండి. ఇంతకాలం అదనంగా పడిన పెట్రోలు సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలిసి ఉంటుంది కనుక ఇంజన్ ఆయిల్, ఫిల్టరు మార్చండి. లేకపోతే ఆ ఆయిల్‌లోని ఆవిరి, ఇంజన్ లోపలి ఆవిరిని గాలి దారికి చేర్చే బ్రీదర్ గొట్టం గుండా వచ్చి మిక్చర్‌ను మళ్ళీ రిచ్ చేసి మనల్ని తికమక పెడుతుంది. తర్వాత బండిని ఓ ఇరవై నిమిషాలు రకరకాల వేగాలతో నడిపి, ఐడిలింగ్‌లోనూ భారం మీదా ట్రిమ్ సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపే ఉందని చూసుకుని, గేజి విప్పిన చోట తడి లేదని చేత్తో తడిమి, అప్పుడు తాళాలు యజమానికి ఇవ్వండి.